పది రూపాయలు ఎక్కువ వచ్చినా తప్పే: మా ఊరి వేసవి తరగతి గురించి

పిల్లలకు డబ్బు లెక్క నేర్పిస్తామని ఎవరైనా అంటే నేను తొందరగా నమ్మను. పదకొండేళ్లుగా మా డ్వాక్రా సంఘానికి పద్దులు రాస్తున్నాను. జమ ఎటు రాయాలో, ఖర్చు ఎటు రాయాలో పెద్దవాళ్లకు చెప్పడానికే నాకు నాలుగేసి సమావేశాలు పట్టేవి. ఎనిమిదేళ్ల పిల్లలకు నెల రోజుల్లో ఏం వస్తుందిలే అనుకున్నాను. అయినా మా ఇద్దరు పిల్లలనీ ఊళ్లో పెట్టిన ఆ వేసవి తరగతిలో చేర్పించాను. సెలవుల్లో పొద్దస్తమానం ఫోను పట్టుకుని మూల కూర్చోవడం చూడలేకపోయాను, అంతే. ఇప్పుడు బడులు తెరిచారు. వచ్చే ఏడాది మా పిల్లలను కూడా పంపమంటావా అని పక్క ఊళ్ల నుంచి బంధువులు అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పలేక, ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

మాది కోనసీమ. అమలాపురం నుంచి రాజోలు వైపు వెళ్లే దారిలో, కాలువ లాకుల పక్కన చిన్న ఊరు. తరగతి నడిపింది ఇద్దరు. ఒకరు హైస్కూల్లో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసిన మాస్టారు, ఇంకొకరు పోస్టాఫీసులో చాలా ఏళ్లు పనిచేసిన మేడం గారు. పేర్లు రాయవద్దన్నారు, రాయడం లేదు. చోటు మా గ్రంథాలయం వసారా. 2025 మే 5 నుంచి 31 వరకు, ఉదయం ఏడున్నర నుంచి పదిన్నర దాకా. రుసుము 600 రూపాయలు, ఒకే ఇంటి నుంచి రెండో పిల్లవాడైతే 300. ఏడేళ్ల నుంచి పదకొండేళ్ల వరకు మొత్తం పద్నాలుగు మంది పిల్లలు. మా అమ్మాయికి పదేళ్లు నిండాయి, అబ్బాయికి ఎనిమిది.

మొదటి రోజు పొదుపు గురించి ఒక్క మాట కూడా చెప్పలేదట. "ఈ ఎండల్లో ఊరికి మనం ఏం చేయగలం?" అని మాస్టారు అడిగారట. ఒకరు మొక్కలన్నారు, ఒకరు బడి గోడలకు రంగులన్నారు. మా అబ్బాయి క్రికెట్ ఆడుకునే స్థలం బాగుచేద్దామన్నాడట. చివరికి చలివేంద్రం దగ్గర ఆగారు. ఎందుకో మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. దాళ్వా (రెండో పంట) కోతలు అయ్యాక కాలువలకు నీళ్లు కట్టేస్తారు. చుట్టూ గోదావరి పాయలు ఉన్నా మే నెలలో తాగేందుకు టిన్ను నీళ్లు కొనుక్కుంటాం. లాకుల దగ్గర బస్సు ఆగేచోట నిలువ నీడ లేదు. కొబ్బరికాయలు ఒలిచి వచ్చే కూలీలు, ఆసుపత్రికని అమలాపురం వెళ్లే ముసలివాళ్లు ఆ ఎండలోనే నిలబడతారు.

ఇక్కడే మాస్టారు నాకు నచ్చిన నియమం ఒకటి పెట్టారు. ఇంటి నుంచి ఒక్క రూపాయి తేకూడదు. అమ్మానాన్నల దగ్గర తెచ్చిన డబ్బుతో చలివేంద్రం పెడితే అది మన పెద్దవాళ్ల చలివేంద్రమే అవుతుంది, అందులో పిల్లలు ఎవరికీ లెక్క చెప్పాల్సిన అవసరం ఉండదు. మరి కుండలు ఎలా కొనాలి? మాస్టారు, మేడం గారు కలిసి 2,000 రూపాయలు ఇచ్చారు. విరాళంగా కాదు, అప్పుగా. వడ్డీ లేదు కానీ మే 31 లోగా తీర్చాలి. పిల్లల చేతే తీర్మానం రాయించి అందరి చేత సంతకాలు పెట్టించారు. మా అబ్బాయి సంతకం పెట్టడం అదే మొదటిసారి. పేరంతా గుండ్రంగా రాసి, కింద స్కేలుతో గీత గీశాడు. ఇంటికి వచ్చి "అమ్మా, నేను అప్పు తీసుకున్నాను" అన్నాడు. నవ్వు ఆపుకుని, ఎంత అని అడిగాను. "రెండు వేలు, కానీ నేనొక్కడినే కాదు, పద్నాలుగు మందిమి" అన్నాడు. ఉమ్మడి బాధ్యత అన్న మాట మా సంఘంలో ఎన్నిసార్లు చెప్పుకున్నామో! వీడికి ఒక్క పూటలో ఎక్కింది.

కుండల కోసం కుమ్మరి ఇంటికి పిల్లలనే తీసుకెళ్లారు. కుండ 200 అన్నాడాయన. పెద్ద పిల్లలు బేరం మొదలుపెట్టబోతే మాస్టారు ఆపి, ముందు ఆయన్ని నాలుగు ప్రశ్నలు అడగమన్నారు. మట్టి ఎక్కడిది, ఆవం కాల్చడానికి ఎంత అవుతుంది, రోజుకు ఎన్ని కుండలు అవుతాయి, ఎన్ని పగిలిపోతాయి. అన్నీ అడిగి రాసుకున్నారు. రాసుకున్నాక ఎవరూ బేరం ఆడలేదు. నాలుగు కుండలు 800 ఇచ్చి తెచ్చుకున్నారు. పందిరికి వెదుళ్లు, తాటాకులు ఊళ్లో వాళ్లు ఇచ్చారు, వేసిన మనిషికి కూలి 600. స్టీలు గ్లాసులు పదిహేను, గరిటెలు రెండు, రసీదు పుస్తకం, రెండు రిజిస్టర్లు. మే 9న చలివేంద్రం మొదలైంది.

అసలు నేను రాయాలనుకున్నది లెక్కల పద్ధతి గురించి. రోజూ ముగ్గురికి పని. ఒకరు డబ్బు పట్టుకుంటారు, ఒకరు పుస్తకం రాస్తారు, ఒకరు సరిచూస్తారు. డబ్బు పట్టుకున్నవాళ్లు పుస్తకం రాయకూడదు, రాసినవాళ్లు నగదు లెక్కపెట్టకూడదు. మూడు రోజులకు ఒకసారి మనుషులు మారతారు. ఊళ్లో వాళ్లు విరాళంగా ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు, ఖర్చు పెట్టిన ప్రతి రూపాయికి చీటీ. చీటీ ఇవ్వని కొట్టయితే పిల్లలే రాసి, ఆ కొట్టు మనిషి చేత సంతకమో వేలిముద్రో వేయించుకోవాలి. పదిన్నర కాగానే లెక్క ముగించి, పుస్తకంలో నిల్వ, పెట్టెలో నగదు సరిపోతేనే ఇంటికి వెళ్లాలి.

మా సంఘానికి అయిదు సూత్రాలు చెబుతారు. క్రమం తప్పని సమావేశం, పొదుపు, లోపల అప్పులు ఇచ్చుకోవడం, వాయిదా కట్టడం, పుస్తకాలు రాయడం. పంచసూత్రాలంటారు. మొదటి నాలుగూ ఆడవాళ్లు ఎలాగో పాటిస్తారు. అయిదోది ఒక్కరి నెత్తిన పడుతుంది. మా సంఘంలో ఆ ఒక్కరూ నేనే. డబ్బు తీసుకునేదీ నేనే, రాసేదీ నేనే, సరిచూసేదీ నేనే. ఎవరూ నన్ను అనుమానించలేదు, నేను తప్పు చేయనూ లేదు. కానీ మా అమ్మాయి ఒక రోజు అన్నం తింటూ, "అమ్మా, మీ సంఘంలో సరిచూసేది ఎవరు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. జూన్ సమావేశంలో ఆ పని మరో ఇద్దరికి అప్పగించాం.

ఇక ఆ పది రూపాయల సంగతి. రెండో ఆదివారం మజ్జిగ ఇవ్వాలని ముందు రోజు సరుకులు కొన్నారు. పెరుగు, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, నిమ్మకాయలు. ఆ రోజు నేను పిల్లలను తీసుకురావడానికి ముందే వెళ్లాను. వసారాలో చాప మీద నోట్లు ఒక పక్క, నాణేలు పదేసి చొప్పున దొంతరలుగా ఒక పక్క పేర్చారు. పుస్తకంలో నిల్వ 1,385. లెక్కపెడితే 1,395. పిల్లలు చప్పట్లు కొట్టారు. పది రూపాయలు ఎక్కువ వచ్చాయని సంతోషం! నేను కూడా పోనీలే, తక్కువ రాలేదు కదా అనుకున్నాను.

మాస్టారు కుర్చీ లాక్కుని వాళ్ల మధ్యలో కూర్చున్నారు. "తక్కువ వస్తే ఏం చేస్తారు?" అన్నారు. వెతుకుతాం అన్నారు. "ఎక్కువ వస్తే?" ఎవరూ మాట్లాడలేదు. "ఈ పది ఎవరివి?" అని మళ్లీ అడిగారు. మనవి అని ఒకడన్నాడు. "మనవైతే పుస్తకంలో ఉండాలి. పుస్తకంలో లేవు. అంటే ఇంకెవరివో మన పెట్టెలో ఉన్నాయి."

మళ్లీ లెక్కపెట్టారు. అదే 1,395. రసీదులు తీశారు, చివరి రసీదు నంబరు చూశారు, రాయకుండా తీసుకున్న విరాళం లేదు. ఖర్చు చీటీలు ఒక్కొక్కటీ పైకి చదివారు. పెరుగు సరే. అల్లం, మిర్చి సరే. నిమ్మకాయలు ఆరు, 30 రూపాయలు. ఆ రోజు డబ్బు పట్టుకున్నది మా అబ్బాయి. "నువ్వు ఎంత ఇచ్చావు?" యాభై నోటు. "తిరిగి ఎంత వచ్చింది?" వాడు కళ్లు మూసుకున్నాడు. వేళ్లు ముడుస్తూ గుర్తు చేసుకుంటున్నాడు. "పది నాణెం ఒకటి... పది నోటు ఒకటి... ఇంకో నోటు" అన్నాడు. ముప్పై. రావాల్సింది ఇరవై. నిమ్మకాయలు అమ్మే ఆవిడ పది ఎక్కువ ఇచ్చేసింది. అప్పటికి పదకొండుంబావు అయింది. ఎండ వసారాలోకి వచ్చింది. ఒక్కరు కూడా ఇంటికి వెళదామనలేదు.

మర్నాడు పొద్దున్నే మా అబ్బాయీ, వాడితో ఇంకో పిల్లవాడూ లాకుల దగ్గర బజారుకు వెళ్లారు. వెనకాల నేను. ఆవిడ గోనె సంచి పరుచుకుని అప్పుడే కాయలు పోస్తోంది. మావాడు పది నాణెం చాపి, "నిన్న మీరు ఎక్కువ ఇచ్చారండి" అన్నాడు. ఆవిడ నాణెం తీసుకోలేదు, ముందు వాడి మొహం చూసింది. "నిన్న దీపాలు పెట్టే వేళ దాకా ఈ పది ఎటు పోయిందా అని వెతుక్కున్నాను నాయనా. మా కోడలు తీసిందేమో అనుకుని నాలుగు మాటలన్నాను కూడా" అంది. నాణెం కళ్లకద్దుకుని బొడ్డు సంచిలో వేసుకుంది. వాడి చేతిలో రెండు నిమ్మకాయలు పెట్టింది. మావాడు వద్దనలేదు, జేబులో వేసుకోనూ లేదు. నేరుగా చలివేంద్రానికి తెచ్చి, జమ పుస్తకంలో "నిమ్మకాయలు 2, విరాళం" అని రాయించి, రసీదు పట్టుకుని మళ్లీ ఆవిడ దగ్గరకు పరుగెత్తాడు.

కిడ్డీ బ్యాంకు మా ఇంట్లోనూ ఉంది. అందులో వేసిన డబ్బు పిల్లలు దాచుకుంటారు, పండగకు పగలగొట్టి కొనుక్కుంటారు. తమ డబ్బు కాబట్టి ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. ఊరి డబ్బు చేతిలో పెడితేనే లెక్క అవసరం తెలుస్తుంది. మా అమ్మమ్మ రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది, భజన మందిరానికని. ఇంట్లో గింజలు నిండుకున్న రోజుల్లో కూడా ఆ కుండ మీద చేయి వేసేది కాదని అమ్మ చెప్పేది. అప్పు తెచ్చుకున్న బియ్యంతో వండేది కానీ ఆ మూత తీసేది కాదట. ఆ కుండకూ ఈ పిల్లల రేకు పెట్టెకూ తేడా నాకేమీ కనిపించలేదు.

హుండీ గురించి కూడా చెప్పాలి. చలివేంద్రం దగ్గర నీళ్లకు డబ్బు తీసుకోకూడదు, అడగకూడదు కూడా. ఇష్టముంటే వేసేందుకు తాళం వేసిన డబ్బా మాత్రం పెట్టారు. అందులో పడినవన్నీ పది రూపాయల నాణేలే. ఎందుకంటే మా వైపు చాలా కొట్లలో ఆ నాణేలు చెల్లవంటారు, జనం వదిలించుకోవడానికి డబ్బాలో వేశారు. నీళ్ల టిన్నులు తెచ్చే అతనూ మొదట తీసుకోనన్నాడు. మేడం గారు పిల్లలకు ఆ పది రూపాయల నాణేలన్నీ బోర్లించి, తిప్పి చూపించారు. రూపాయి గుర్తు ఉన్నవీ లేనివీ, రకరకాల బొమ్మలున్నవీ. మొత్తం 14 రకాలు వచ్చాయనీ, అన్నీ చెల్లుతాయనీ రిజర్వు బ్యాంకు 2018లోనే ప్రకటించిందని చెప్పారు. ఇద్దరు పెద్దపిల్లలు అట్ట మీద ఆ మాట తెలుగులో రాసి పందిరి గుంజకు కట్టారు. టిన్నుల అతను అది చదివి తీసుకున్నాడు. ఇప్పుడు మా ఊళ్లో రెండు కొట్లు తీసుకుంటున్నాయి.

లోపాలు కూడా రాస్తాను. మాస్టారికి ముందే చెప్పాను, రాయమన్నారు.

మొదటి వారం విరాళాలకు పిల్లలను వీధుల్లోకి జంటలుగా పంపారు, వెంట ఒక పెద్దవాళ్లు. అది బాగానే ఉంది. కానీ సాయంత్రానికి ఎవరెంత తెచ్చారో పేర్లతో సహా పైకి చదివారు. పెద్దకాలనీ పిల్లలు వాళ్ల బంధువుల ఇళ్లలోనే అయిదేసి వందలు తెచ్చారు. కౌలు రైతు కూతురు ఒకమ్మాయి వీధంతా తిరిగి 45 రూపాయలు తెచ్చింది. ఆ పిల్ల రెండు రోజులు రాలేదు. వాళ్లమ్మ మా సంఘం సభ్యురాలే, నాతో చెప్పి కళ్లు తుడుచుకుంది. నేను వెళ్లి మాస్టారితో గట్టిగానే మాట్లాడాను. ఆయన వాదించలేదు. ఆ రోజు నుంచి రసీదులన్నీ బృందం పేరుతోనే, మొత్తం ఒక్కటే చదవడం. ఆయనే ఆ ఇంటికి వెళ్లి పిల్లను పిలుచుకొచ్చారు. అయినా ఆ రెండు రోజులు ఆ పిల్ల పడిన బాధ పడినట్టే. లెక్కలు బాగా తెలిసిన మనిషికి ఈ సంగతి ముందే తట్టి ఉండాల్సింది.

రెండోది రుసుము. 600 రూపాయలు కూలికి వెళ్లే ఇంట్లో చిన్న మొత్తం కాదు. ముగ్గురికి తీసుకోలేదట, మంచిదే. కానీ ఎవరికి తీసుకోలేదో నాలుగు రోజుల్లో అందరికీ తెలిసిపోయింది. అందరికీ 200 పెట్టి, మిగతాది ఇవ్వగలిగినవాళ్ల దగ్గర వేరేగా తీసుకుంటే ఎవరికీ చిన్నతనం ఉండదు. లేదా తల్లిదండ్రులు తలా ఒక రోజు చలివేంద్రం దగ్గర ఉండి ఆ రుసుము తీర్చుకోవచ్చు.

మూడోది ఫోను. దారిన పోయేవాళ్లలో సగం మంది "ఫోన్‌పే ఉందా?" అని అడిగారు. లేదనిపించుకుని వెళ్లిపోయారు. మాస్టారు నగదు తప్ప వద్దన్నారు. పిల్లల చేతికి ఫోను ఇవ్వకూడదన్న ఆయన పట్టుదల నాకు అర్థమవుతుంది. కానీ మా ఇంట్లో నేను పాలవాడికి, కూరగాయలకు, కరెంటుకు ఫోనులోనే కడతాను. ఒకసారి చేతిలో డబ్బులు లేవని బొమ్మ కొననంటే మావాడు "ఫోనులో కొట్టమ్మా" అన్నాడు. ఫోనులో డబ్బు దానంతటదే పుడుతుందని వాడి నమ్మకం. ఆ నమ్మకం పోగొట్టాల్సిన చోటు ఇదే. పెద్దవాళ్ల ఖాతాకు వచ్చిన మొత్తాన్ని పిల్లలు పుస్తకంలో ఎలా జమ రాయాలో నేర్పితే నాణేల లెక్క కంటే ఎక్కువ ఉపయోగపడేది. మేడం గారు వచ్చే ఏడాదికి చూద్దామన్నారు.

ఏడేళ్ల పిల్లలను చేర్చుకోవడం కూడా నాకు నచ్చలేదు. నాణేలు దొంతరలు పేర్చడం వరకే వాళ్లకు చేతనైంది, పుస్తకం దగ్గరకొచ్చేసరికి ఆవలింతలు. ఎనిమిది దాటాకే పంపండి.

మూడో వారం ఒక బ్యాంకుకు తీసుకెళ్లారు. ఎక్కడిదో చెప్పను. పద్నాలుగు మంది పిల్లలు గంటసేపు గోడవారగా నిలబడ్డారు. చివరికి ఒకాయన వచ్చి, పద్దెనిమిదేళ్లు నిండేదాకా తల్లిదండ్రులే ఖాతా నడపాలని చెప్పి పంపేశారు. ఆ మాట సరికాదు. పదేళ్లు నిండిన పిల్లలు కోరుకుంటే తమ ఖాతా తామే తెరిచి నడుపుకోవడానికి అవకాశం ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్‌లోనే బ్యాంకులకు రాసింది. ఎంత మొత్తం వరకు, ఏ షరతులతో అన్నది ఆయా బ్యాంకులు నిర్ణయించుకోవాలి. ఆ ఏడాది జులై 1 లోగా నిబంధనలు సవరించుకోమని కూడా చెప్పింది. అప్పటికి ఇంకా గడువు ఉంది నిజమే, కానీ ఉన్న సంగతి చెప్పి పంపితే పిల్లలు అంత చిన్నబుచ్చుకునేవారు కాదు.

మేడం గారు మర్నాడే పదేళ్లు దాటినవాళ్లను పోస్టాఫీసుకు తీసుకెళ్లారు. అక్కడ పదేళ్లు నిండితే పిల్లల పేరునే ఖాతా ఇస్తారు, వాళ్ల సంతకంతోనే నడుస్తుంది. కనీసం 500 ఉండాలి. ఆ 500 నిల్వ లేకపోతే ఆర్థిక సంవత్సరం చివర 50 రూపాయలు కోస్తారు. మా అమ్మాయి పండగలకు వచ్చిన డబ్బులతో తెరిచింది. వడ్డీ ఏడాదికి నూటికి నాలుగు. "అయిదు వందలకు ఇరవై రూపాయలేనా!" అని ఇంటికొచ్చి నిట్టూర్చింది. అప్పుడు కూర్చుని నెలకు 100 చొప్పున కట్టే రికరింగ్ డిపాజిట్ లెక్క చెప్పాను. 2025లో ఉన్న 6.7 శాతం వడ్డీకి అయిదేళ్లలో కట్టేది 6,000, చేతికొచ్చేది 7,100 పైన. ఆ లెక్క తనే ఒకసారి వేసి చూసుకుంది.

మా అమ్మాయికి మూడేళ్లప్పుడు సుకన్య ఖాతా (ఆడపిల్లల పొదుపు ఖాతా) తెరిచాం. ఏడాదికి ఒకసారి మేం కడతాం, అది తన చదువుకు. కానీ దాని గురించి పిల్లకు ఏమీ తెలియదు, తెలియాల్సిన పనీ రాలేదు. ఈ 500 ఖాతా అలా కాదు. మేడం గారు ఒక మాట చెప్పారట. పోస్టాఫీసు వాళ్లు నెలలో 10వ తేదీ నుంచి ఆఖరి రోజు వరకు అన్నిటికంటే తక్కువ ఎంత నిల్వ ఉందో చూసి దాని మీదే ఆ నెల వడ్డీ లెక్క కడతారు. అంటే 10 లోపు వేస్తే ఆ నెలకు వడ్డీ వస్తుంది, 11న వేస్తే రాదు. జూన్ 9న మా మావయ్య గారు ఇచ్చిన వంద నోటు పట్టుకుని, ఈ రోజే వెళ్లాలని నా వెంట పడింది. వంద రూపాయలకు నెల వడ్డీ ముప్పైమూడు పైసలు. ఆ ముప్పైమూడు పైసల కోసం ఎండలో సైకిలు తొక్కింది.

మే నెలాఖరులో వానలు పడ్డాయి. రోజుకు ఆరు టిన్నులు అయ్యే నీళ్లు మూడుకు తగ్గాయి. 31న పుస్తకాలు మూసినప్పుడు నేనూ కూర్చున్నాను. విరాళాలు, హుండీ కలిపి 6,595. అన్ని ఖర్చులూ 5,655. రెండు వేల అప్పు అంతకు ముందు వారమే తీర్చేశారు, తీరినట్టు మాస్టారి చేత సంతకం కూడా తీసుకున్నారు. మిగిలింది 940.

ఏం చేద్దాం అన్నప్పుడు ముందు వచ్చిన మాట ఐస్‌క్రీములు. పద్నాలుగు మంది పిల్లలు నెల రోజులు ఎండలో పనిచేశారు, అడగడంలో తప్పు లేదు. మాస్టారు అవుననలేదు, కాదనలేదు. రసీదు పుస్తకం తీసి ఒక రసీదు మీద ఏం రాసి ఉందో చదవమన్నారు. "చలివేంద్రం నిమిత్తం" అని మా అమ్మాయి చదివింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తరువాత 45 రూపాయలు తెచ్చిన పిల్లే అంది, వాన వెలిసింది, మళ్లీ ఉక్కపోస్తోంది, బడి తెరిచేదాకా నడుపుదామని. బడి తెరిచేది జూన్ 12న. పలక మీద లెక్క వేశారు. రోజుకు ఆరు టిన్నులు, టిన్ను 15, అంటే 90. 940ని 90తో భాగిస్తే పది రోజులు, మిగిలేది 40. జూన్ 10 దాకా వస్తుంది. 11వ తేదీ ఒక్కటీ మిగిలిపోయింది. దానికి ఇంకా 50 కావాలి.

ఇంటి నుంచి తేవడానికి వీల్లేదు. మళ్లీ వీధికి వెళ్లడం ఎవరికీ ఇష్టం లేదు. నేను నోరు తెరవబోయి ఆపుకున్నాను, నా కొంగున యాభై ఉంది. మా అబ్బాయి పలక తన వైపు లాక్కుని చాలాసేపు చూశాడు. "ఆదివారాలు బస్సులు తక్కువ కదా. అప్పుడు అయిదు టిన్నులు చాలు" అన్నాడు. పదకొండు రోజుల్లో ఆదివారాలు రెండే వచ్చాయి, జూన్ 1, 8. ఆదా 30. మిగతాది ఎలా అంటే, పెద్దపిల్ల ఒకతి శనివారం కూడా కలుపుదామంది, అది ఒక్కటే, ఇంకో 15. ఇంకా అయిదు చాలలేదు. చివరకు 11వ తేదీ కూడా అయిదే తెద్దామని తీర్మానం రాశారు. నాలుగు రోజులు ఒక్కో టిన్ను తగ్గింది. ఖర్చు 930, నిల్వ 10. ఆ తీర్మానం కింద నా సంతకం కూడా పెట్టించుకున్నారు, సాక్షిగా.

ఆ పదకొండు రోజులూ రుసుము లేదు, తరగతి లేదు, మాస్టారు ఊళ్లో కూడా లేరు, కూతురి దగ్గరకు విశాఖపట్నం వెళ్లారు. పిల్లలు వంతులు వేసుకుని నడిపారు. గ్లాసులు తోమడానికి మాత్రం మావాడిని రోజూ బతిమాలాల్సి వచ్చింది. 11 సాయంత్రం కుండలు కడిగి గ్రంథాలయం గదిలో బోర్లించారు. మిగిలిన పది నాణేన్ని కవరులో పెట్టి, కవరు మీద "వచ్చే ఏడాది ప్రారంభ నిల్వ రూ. 10" అని రాసి పుస్తకంలో అంటించారు.

అయిదుకు నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఒకటి ఆ పిల్ల ఇంట్లో కూర్చున్న రెండు రోజులకు. వచ్చే వేసవికి ఇద్దరి పేర్లూ ఇప్పుడే రాయించాను. పంపాలనుకున్నవాళ్లు మార్చిలోనే గ్రంథాలయంలో అడగండి, పదిహేను మందికి మించి తీసుకోరు. రోజూ పదిన్నరకు పిల్లలను తీసుకెళ్లే తొందరలో ఉండకండి, లెక్క కుదరకపోతే పదకొండున్నర దాకా పడుతుంది. ఒక మంచినీళ్ల సీసా, ఒక తువ్వాలు ఇచ్చి పంపండి. డబ్బు మాత్రం ఇవ్వకండి.